బయానా ఇచ్చేముందు ఆ కాలనీలో నాలుగుసార్లు నడవండి

మా అమ్మానాన్నల కోసం హైదరాబాద్ శివార్లలో గేటెడ్ కమ్యూనిటీలో ఒక ఫ్లాట్ కొన్నాం. బస్‌స్టాప్ 200 మీటర్లు అని బ్రోషర్‌లో రాశారు. నిజమే, మా ఐదో అంతస్తు బాల్కనీలో నిలబడితే ఆ స్టాప్ కనిపిస్తుంది, బస్సు ఎక్కేవాళ్ల చేతుల్లో సంచులు కూడా కనిపిస్తాయి. కానీ మధ్యలో ప్రహరీ గోడ ఉంది, గేటేమో కమ్యూనిటీకి అటు చివర ఉంది, గేటు దాటి గోడ చుట్టూ తిరిగి స్టాప్ చేరాలంటే కిలోమీటరున్నర నడవాలి, అందులో సగం దూరం ఫుట్‌పాత్ లేని సర్వీస్ రోడ్డు. నాన్న వైజాగ్‌లో ముప్పై ఏళ్లు రోజూ పొద్దున్నే తనే వెళ్లి కూరగాయలు తెచ్చుకున్న మనిషి. ఇక్కడికొచ్చిన మూడో నెలలో ఫోన్ చేసి, "బస్సు కనిపిస్తోంది గానీ ఎక్కడానికి దారి లేదమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొనేముందు ఆ ఇల్లు చూడ్డానికి నాలుగుసార్లు వెళ్లాం, నాలుగుసార్లూ కార్లోనే వెళ్లి కార్లోనే తిరిగొచ్చాం, ఒక్కసారి కూడా గేటు బయటికి నడిచి చూడలేదు.

తర్వాత చెల్లెలు ఇల్లు కొనుక్కోవాలనుకున్నప్పుడు ఆ తప్పు మళ్లీ చేయకూడదని పట్టుబట్టి, ఏడాది పాటు ప్రతి ఆదివారం ఇద్దరం తిరిగాం. ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. ఎక్కువగా హైదరాబాద్ గురించే ఉంటుంది, ఎందుకంటే నేను చూసింది అదే, కానీ విజయవాడ, వైజాగ్, తిరుపతిలో కొనేవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ప్లాన్ ప్రకారం కట్టినదంతా నడవడానికి పనికిరాదు

మొదట ఈ భ్రమ పోవాలి. వెంచర్‌లో 40 అడుగుల రోడ్లు, గీత గీసినట్టు ప్లాట్లు, వరసగా ఈత చెట్లు, ముందొక ఆర్చి ఉంటే అది పద్ధతైన కాలనీ అనుకుంటాం. కానీ పాల ప్యాకెట్ కోసం రెండు కిలోమీటర్లు బండి మీద వెళ్లాల్సి వస్తే ఆ ప్లాన్ కారు కోసం గీసింది, మీ కోసం కాదు.

మనుషుల కోసం గీసిన ప్లాన్ ఎలా ఉంటుందో చెప్పే లెక్క ఒకటి ఉంది, అది పాతదే. 1929లో న్యూయార్క్ ప్రాంత ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే ఆయన నైబర్‌హుడ్ యూనిట్ అని ఒక నమూనా ఇచ్చాడు. బడి మధ్యలో ఉండాలి, ఏ ఇంటి నుంచైనా పావు మైలు, అంటే దాదాపు 400 మీటర్లలో దాన్ని చేరాలి, పెద్ద రోడ్లు కాలనీ అంచున పోవాలి తప్ప మధ్యలోంచి కాదు, అంగళ్లు ఆ అంచు మూలల్లో ఉండాలి. 400 మీటర్లంటే మామూలు మనిషికి ఐదు నిమిషాల నడక. ఈ ఆలోచన మన దేశానికీ వచ్చింది, చండీగఢ్ సెక్టార్లు 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవుతో గీసింది ఇలాంటి లెక్కతోనే.

మనకి అంత దూరం పోనక్కర్లేదు. నేను పెరిగింది వైజాగ్ ఎంవీపీ కాలనీలో. పట్టణాభివృద్ధి సంస్థ వుడా (ఇప్పటి వీఎంఆర్‌డీఏ) అభివృద్ధి చేసిన కాలనీ అది, సెక్టార్లుగా విడగొట్టారు, మధ్యలో డబుల్ రోడ్డు, లోపలికి పోయేకొద్దీ రోడ్లు చిన్నవవుతాయి, రైతుబజారు కాలనీలోనే ఉంది, ఓపికుంటే సాయంత్రం బీచ్‌కి కూడా నడిచిపోవచ్చు. చిన్నప్పుడు అది గొప్ప అని తెలీదు, అన్ని ఊళ్లూ అలానే ఉంటాయనుకున్నాను. హైదరాబాద్‌లో హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీ ఇంకో ఉదాహరణ. ఫేజులవారీగా ఇళ్లు, ఫేజుల మధ్య పార్కులు, రైతుబజారు, ఇప్పుడు మెట్రో స్టేషను కూడా. అక్కడ ఇప్పుడు హాస్టళ్లు నిండిపోయాయి, ఫుట్‌పాత్‌ల మీద బండ్లు పార్క్ చేస్తారు, ట్రాఫిక్ విసుగే, అది దాచాల్సిన పని లేదు. అయినా అక్కడ ఉండే పెద్దవాళ్లు మందులకి, గుడికి, బ్యాంకుకి ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్లొస్తున్నారు. కొత్తగా కట్టిన చాలా విల్లా వెంచర్లలో ఆ ఒక్కటే కరువు.

ఇంకో మాట. పాత కాలనీలో పాత ఫ్లాట్ కొనడం చిన్నతనం అనుకోకండి. పదిహేనేళ్ల ఫ్లాట్, నడిచే కాలనీ, లిఫ్ట్ ఉంటే, నా ఉద్దేశంలో అది శివారులోని కొత్త మూడు బెడ్‌రూముల ఫ్లాట్ కంటే మేలు. ముఖ్యంగా అమ్మానాన్నల కోసమైతే.

ఇంట్లో కూర్చుని చేసే పని

ఏదైనా ప్రాజెక్టు పేరు చెవిన పడగానే సైట్ విజిట్‌కి పరిగెత్తకండి. ముందు ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఆ చోట పిన్ పెట్టండి. అక్కణ్నుంచి కిరాణా, మందుల షాపు, బడి, బస్‌స్టాప్ ఒక్కొక్కదానికి దారి అడగండి, కానీ కారు గుర్తు కాదు, నడిచే మనిషి గుర్తు నొక్కి అడగండి. తిన్నగా కొలిస్తే 300 మీటర్లున్నది నడక దారిలో 1200 చూపిస్తే మధ్యలో గోడో, నాలానో, రైల్వే లైనో, ఔటర్ రింగ్ రోడ్డో అడ్డం ఉందన్నమాట. మా ఫ్లాట్ విషయంలో ఈ ఒక్క పని చేసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. ఒక్కోసారి మ్యాప్ పొరపాటుగా గోడలోంచి దారి చూపిస్తుంది, కాబట్టి శాటిలైట్ బొమ్మలో పెట్టి గోడ ఎక్కడ, గేటు ఎక్కడ అని కూడా చూసుకోండి.

హైదరాబాద్‌లో 2022 నుంచి స్ట్రీట్ వ్యూ ఉంది, దాంట్లో అప్రోచ్ రోడ్డు మీద వేలితోనే నడవొచ్చు. ఫుట్‌పాత్ ఉందా, చెట్లున్నాయా, లారీలు తిరుగుతాయా అన్నది కొంత అర్థమవుతుంది. తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల బొమ్మలకి వెనక్కి వెళ్లండి. ఇప్పుడు ప్లాట్లున్న చోట పదిహేనేళ్ల కింద నీళ్లు కనిపిస్తే ఆ ప్రాజెక్టుని అక్కడితో వదిలేయండి. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు జనం మేడల మీద గడిపారు. నీళ్లు వాటి దారి మర్చిపోవు.

అమెరికాలో ఇల్లు వెతికేటప్పుడు వాక్ స్కోర్, అంటే ఆ ఇంటి నుంచి పనులకి ఎంతవరకు నడిచి వెళ్లొచ్చో చెప్పే నంబరు, చూడ్డం అలవాటైనవాళ్లు ఇక్కడ కూడా అలాంటి నంబరు ఒకటి ఉంటుందని వెతుకుతారు. మన ఊళ్లకి దాన్ని నమ్ముకోలేం. మన దగ్గర ఇస్త్రీ బండి, టిఫిన్ బండి, కర్రీ పాయింట్, గుడి అరుగు మీద పూలమ్మే ఆమె, ఇవేవీ మ్యాప్‌లో ఉండవు కదా. కాబట్టి మన స్కోరు మనమే వేసుకోవాలి. ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లోవాళ్లు వారంలో కాలు బయట పెట్టే పనులన్నీ రాయండి. మా ఇంట్లో రాస్తే పాలు, కూరగాయలు, మందులు, గుడి, పిల్లల బడి, ట్యూషన్, బ్యాంకు, టైలరు, నాన్న కబుర్లు చెప్పుకునే పార్కు బెంచీ వచ్చాయి. పక్కన ఎన్నిసార్లు వెళ్తారో రాయండి. రోజూ వెళ్లేవి 400 మీటర్లలో, వారానికోసారి వెళ్లేవి కిలోమీటరులో ఉంటే చాలు, నెలకోసారి వెళ్లే మాల్ ఎంత దూరమున్నా నష్టం లేదు. ప్రభుత్వ సేవలనీ ఈ కాగితం మీద రాయండి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, ఆంధ్రలో వార్డు సచివాలయం, రేషన్ షాపు నడిచి చేరే దూరంలో ఉంటే పెద్దవాళ్లకి ఎంత నిశ్చింతో అనుభవిస్తే తెలుస్తుంది.

నాలుగు నడకలు

ఇక్కడ మాత్రం ఓపిక తగ్గించుకోకండి. లక్షల్లో కాదు, కోట్లకి దగ్గరగా డబ్బు పెడుతున్నాం, నాలుగు రోజులు నడవడానికి ఏం పోతుంది. కారు కిలోమీటరు దూరంలో ఆపేసి, ఇంటి గేటు నుంచి మొదలుపెట్టి, కాగితం మీద రాసుకున్న చోట్లకి నడవాలి. ఏజెంట్‌ని వెంట తీసుకెళ్లొద్దు, ఆయన మాట్లాడుతూ ఉంటే రోడ్డు కనిపించదు.

మొదటి నడక పొద్దున ఆరు, ఏడు మధ్య. పెద్దవాళ్లు వాకింగ్‌కి బయటికి వస్తున్నారా, వస్తే రోడ్డు మీద నడుస్తున్నారా, ఫుట్‌పాత్ మీదా? ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా? వీధి కుక్కలు ఎన్ని ఉన్నాయి, గుంపులుగా ఉన్నాయా? పాల బూత్ దగ్గర నిలబడి టీ తాగుతూ అక్కడివాళ్లని పలకరించండి. ఇల్లు కొందామనుకుంటున్నాం అని చెబితే మనవాళ్లు దాచుకోరు, నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయి, వేసవిలో ట్యాంకరు ఎంతవుతోంది, ఏ బిల్డర్ ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, అన్నీ చెప్పేస్తారు. చెల్లెలు ఒక చోట దాదాపు బయానా ఇచ్చేదే, టిఫిన్ బండి ఆవిడ "వానొస్తే ఈ మూల మోకాలు లోతమ్మా" అన్నాక ఆగిపోయాం. తర్వాత వాన పడిన రోజు వెళ్లి చూశాం, ఆవిడ చెప్పింది నిజమే.

రెండోది బడి వదిలే టైమ్. మూడున్నర, నాలుగు గంటలప్పుడు బస్సులు, ఆటోలు, బైకుల మధ్య పిల్లలు రోడ్డు ఎలా దాటుతున్నారో చూడండి. కాలనీకీ బడికీ మధ్య ఆరు లైన్ల రోడ్డు ఉంటే, సిగ్నల్ గానీ ఫుట్ ఓవర్ బ్రిడ్జి గానీ లేకపోతే, ఆ బడి 300 మీటర్లలో ఉన్నా మీ పిల్లలు వ్యాన్ ఎక్కాల్సిందే. వీధి వెడల్పు ఇక్కడ చాలా తేడా చేస్తుంది. వెడల్పు రోడ్డు అంటే మనకి మోజు, ప్లాటు రేటు కూడా దాన్ని బట్టే చెబుతారు, కానీ ఇంటి ముందు 60 అడుగుల రోడ్డు ఉంటే బళ్లు అరవై మీద పోతాయి. నేనైతే లోపలి 30, 40 అడుగుల వీధి, దాని నుంచి నూరు నూటయాభై మీటర్లకొక అడ్డ వీధి ఉన్న చోటే వెతుకుతాను. అడ్డ వీధులు ఎక్కువుంటే ఎటు కావాలంటే అటు దగ్గర దారి దొరుకుతుంది, మలుపులుంటాయి కాబట్టి బండి స్పీడూ తగ్గుతుంది.

మూడోది మిట్టమధ్యాహ్నం, కుదిరితే ఏప్రిల్, మే నెలల్లో. మన ఎండలకి 400 మీటర్లు నీడలో ఒకటి, నీడ లేకుండా ఇంకొకటి. వెంచర్ల వాళ్లు నాటే ఈత చెట్టు ఫొటోకి బాగుంటుంది, నీడ ఇవ్వదు. కానుగ, వేప, నిద్రగన్నేరు ఉన్న వీధి దొరికితే పది అడుగులు వేసి చూడండి, తేడా ఒంటికే తెలుస్తుంది. పాత కాలనీల్లో ఈ ఆస్తి ఉంటుంది, దానికి ఏ బ్రోషర్‌లోనూ లైను ఉండదు.

నాలుగోది రాత్రి తొమ్మిదికి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, అంగళ్లు తెరిచి ఉన్నాయా, పొడవాటి ప్రహరీ గోడల మధ్య నిర్మానుష్యంగా నడవాల్సిన దారి ఎంత? రెండు గేటెడ్ కమ్యూనిటీల గోడల మధ్య రోడ్డుంటుంది చూడండి, కిటికీ ఒక్కటీ ఉండదు, తలుపు ఒక్కటీ ఉండదు, అక్కడ రాత్రిపూట ఒక్కదాన్నే నడవాలంటే నాకు భయం. ఈ నడకకి ఇంట్లో ఆడవాళ్లు తప్పకుండా రావాలి, వాళ్ల మాటే ఆఖరి మాట కావాలి.

ఇవి కాక వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లగలిగితే చాలా మంచిది. నీళ్లు ఎక్కడ నిలిచాయి, మ్యాన్‌హోల్ మూతలు ఎలా ఉన్నాయి, డ్రైనేజీ పొంగిందా అన్నది వేరే ఎలాగూ తెలీదు.

ఫుట్‌పాత్ గురించి ఒక కొలత గుర్తుంచుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్‌కి అడ్డంకులేవీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లకి మించకూడదు. 1.8 మీటర్లంటే రెండు వీల్‌చెయిర్లు ఎదురెదురుగా దాటగలిగేంత. జేబులో చిన్న టేపు పెట్టుకుని కొలిచాం మేము, ట్రాన్స్‌ఫార్మరు, స్తంభం, ఇంటి ముందు ర్యాంపు తీసేస్తే చాలా చోట్ల మిగిలింది మూడడుగులే. అడుగున్నర ఎత్తు ఫుట్‌పాత్‌లూ చూశాం, మోకాళ్ల నొప్పులున్న అమ్మ అలాంటిది ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తుంది. కాబట్టి నాలుగు నడకల్లో ఒక్కటైనా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి నడవండి, చిన్న పిల్లలుంటే బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ వెళ్లండి.

లేఅవుట్ కాపీని నడిచే మనిషిలా చదవండి

బ్రోషర్‌లో రంగుల బొమ్మ కాదు, మంజూరైన లేఅవుట్ కాపీ అడగండి. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ, మిగతా చోట్ల డీటీసీపీ, ఆంధ్రలో సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ లాంటి పట్టణాభివృద్ధి సంస్థలు ఇస్తాయి, దాని మీద ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉంటుంది. రంగుల బొమ్మలో పార్కని చూపించిన చోట మంజూరైన ప్లాన్‌లో ఏముందో పక్కపక్కన పెట్టి చూడండి. లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ చేసి అప్పగించాలి, ఆ గిఫ్ట్ డీడ్ కాపీ అడగండి. అది జరగకపోతే ఆ పార్కు రేపు ఇంకేదైనా కావచ్చు, అలా పార్కు స్థలాల్లో ఇళ్లు లేచిన కాలనీలు మన ఊళ్లలో ఎన్ని లేవు.

కాపీ మీద గేట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వంద ఎకరాల్లో ఒకటే గేటు ఉంటే, సెక్యూరిటీకి బాగానే ఉంటుంది, నడిచేవాళ్లకి మాత్రం ప్రతి పనికీ అదనంగా కిలోమీటరు. నడిచేవాళ్ల కోసం పక్క గేటు ఉందా, పెడతారా అని కొనకముందే అడగండి, పెడతామంటే రాతపూర్వకంగా తీసుకోండి. షాపులకి ఎక్కడ చోటిచ్చారో కూడా చూడండి. క్లబ్‌హౌస్, ఈత కొలను, జిమ్ ఉంటాయి, ఉప్పు ప్యాకెట్ కొనుక్కునే కొట్టుకి మాత్రం చోటుండదు చాలా వాటిల్లో. కాలనీ అంచున బయటి రోడ్డుకి ముఖం పెట్టి నాలుగు షాపులున్నాయంటే ఆ ప్లాన్ గీసినవాళ్లకి జీవితం తెలుసని నేను అనుకుంటాను.

ప్లాటు కొనేవాళ్లు మార్ట్‌గేజ్ ప్లాట్లు ఏవో తెలుసుకోండి. హెచ్‌ఎండీఏ లేఅవుట్లలో రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్ల స్థలాన్ని హామీగా తాకట్టు పెట్టించుకుంటారు, పనులు పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాక విడుదల చేస్తారు. డ్రాఫ్ట్ లేఅవుట్ దశలో ఉన్న వెంచర్‌లో "అప్రూవ్డ్ అండీ" అంటే సగమే నిజం. పనులు కాకుండా ఉండిపోయిన వెంచర్‌లో రోడ్డు కూడా ఉండదు, ఇక నడకెక్కడిది.

కాగితాలు, సైట్లు

కాళ్లతో చూసి నచ్చాక కాగితాల పని. ఇందులో చాలావరకు ఉచితంగానో, కొద్ది ఫీజుతోనో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు, కానీ చివరికి ఒక మంచి లాయరుతో లీగల్ ఒపీనియన్ రాయించుకోవడం మానొద్దు. బ్యాంకు లోను ఇచ్చిందంటే అంతా సరిగ్గా ఉన్నట్టే అని కూడా అనుకోవద్దు.

మొట్టమొదట రెరా, అంటే ఇళ్లు, ప్లాట్లు అమ్మే ప్రాజెక్టుల మీద నియంత్రణ చట్టం, దాన్ని అమలుచేసే సంస్థ. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన స్థలంలోనో, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లతోనో కడితే ప్రాజెక్టు రెరాలో రిజిస్టరై ఉండాలి. 2016 చట్టం ఇది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కాబట్టి ప్రీలాంచ్ ఆఫర్, గజానికి వెయ్యి తక్కువ, ఇవాళే ఆఖరి రోజు అని ఎవరు ఫోన్ చేసినా రెరా నంబరు అడిగి పెట్టేయండి. తెలంగాణ రెరా, ఏపీ రెరా సైట్లలో నంబరు కొడితే మంజూరు ప్లాన్, పూర్తి చేస్తామన్న తేదీ, స్థలం ఎవరి పేరుమీదుందన్న వివరాలు వస్తాయి. నడిచే కాలనీ కావాలనుకునేవాళ్లకి ఈ చట్టంలో మూడు సంగతులు బాగా పనికొస్తాయి. అడ్వాన్సుగా పది శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయాలి. ప్రకటనలో, బ్రోషర్‌లో చూపించింది అబద్ధమైతే, దాన్ని నమ్మి నష్టపోయిన కొనుగోలుదారు పరిహారం అడగొచ్చు, బయటికొచ్చేయాలనుకుంటే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, అందుకే బ్రోషర్‌ని చింపేయకుండా తేదీ వేసి దాచుకోండి, వాట్సాప్‌లో ఏజెంట్ పంపిన మెసేజీలు కూడా. ఇక మంజూరైన ప్లాన్‌లో ఉమ్మడి స్థలాలు మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పార్కు స్థానంలో ఇంకో టవరు లేపుతామంటే అడ్డుకునే హక్కు మీకుంది.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో 1983 నుంచి లావాదేవీలు కనిపిస్తాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించుకోవాలి. ఈసీలో కనిపించిన ప్రతి అమ్మకానికీ లింక్ డాక్యుమెంట్, అంటే ఆ పాత అమ్మకం దస్తావేజు, చేతిలోకి రావాలి. అదే సైట్లో నిషేధిత భూముల జాబితా, అందరూ 22ఏ అంటారు, అందులో మీ సర్వే నంబరు లేదని చూసుకోండి. వ్యవసాయ భూమిని మార్చిన వెంచరైతే తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలో, ఆంధ్రలో మీభూమిలో ఆ సర్వే నంబరు చరిత్ర చూడండి, వ్యవసాయేతర వాడకానికి మార్చిన అనుమతి, అంటే నాలా కన్వర్షన్, కాపీ అడగండి (ఆంధ్రలో ఆ చట్టం 2025లో రద్దయింది, అక్కడ అంతకు ముందు వెంచర్లకే ఇది).

చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, సంగతి తేల్చుకోకుండా రూపాయి ఇవ్వకండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా, వదలాలి. హెచ్‌ఎండీఏకి చెరువుల కోసం వేరే సైటు ఉంది, అందులో చెరువువారీగా మ్యాపులు సర్వే నంబర్లతో పెట్టారు. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ హద్దుల విషయంలో ఎంతమంది ఇబ్బంది పడ్డారో చూశాం. లేక్ వ్యూ అన్న మాట వినగానే ముందు ఆ మ్యాపు తెరవండి.

హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ కూడా చూడాలి, 2031 దాకా వేసింది 2013లో నోటిఫై అయింది. మీ ఇంటి పక్క ఖాళీ స్థలం ఏ జోన్‌లో ఉంది, మీ ప్రశాంతమైన వీధి మీదుగా వంద అడుగుల రోడ్డు గీసి ఉందా అన్నది అందులో తెలుస్తుంది. చెల్లెలికి బాగా నచ్చిన ఒక ఇల్లు ఇలాగే వదులుకున్నాం. ఇంటి ముందు ఇరుకు వీధి, రెండు వైపులా కానుగ చెట్లు, ఎదురుగా గుడి. మాస్టర్ ప్లాన్‌లో అదే వీధి పెద్ద రోడ్డు. చెట్లూ పోతాయి, ఇంటి ముందు పదడుగులూ పోతాయి. చాలా బాధపడింది, నేనూ బాధపడ్డాను.

కట్టేసిన ఫ్లాటైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే అందులో కాపురం ఉండొచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం, ఉందో లేదో అడగండి. అది ఉంటే జీఎస్టీ ఉండదు, కడుతూ ఉన్నదైతే మామూలుగా 5 శాతం. ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్, అంటే ముందుగా కోసే ఆదాయపు పన్ను, మీరే కోసి కట్టాలి, అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఆ లెక్క వేరు, ఇంకా ఎక్కువ కోయాలి, ఆడిటర్ని అడక్కుండా ముందుకెళ్లొద్దు. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఒక లెక్క అందరూ మర్చిపోతారు. నడవలేని చోట ఇల్లు కొంటే రెండో కారు తప్పదు. మా ఇంట్లో ఆ కారు ఈఎంఐ, పెట్రోలు, సర్వీసు కలిపి నెలకి 19 వేలు అవుతోంది. ఆ డబ్బు హోమ్‌లోన్ ఈఎంఐకి కలిపి చూసుంటే ఇంకొంచెం లోపలికి, నడిచే కాలనీలోనే కొనగలిగేవాళ్లం.

విదేశాల్లో ఉన్నవాళ్లు

మీరు రాలేకపోతే తమ్ముణ్నో, బావమరిదినో, నమ్మకమైన స్నేహితుణ్నో పంపండి, కానీ ఫ్లాట్ లోపలి వీడియో కాదు, గేటు నుంచి కూరగాయల కొట్టు దాకా నడుస్తూ వీడియో కాల్ చేయమనండి. కట్ చేయకుండా, మాటలు లేకుండా. హారన్ల మోత కూడా వినిపిస్తుంది మీకు. పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తుంటే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, ఆలస్యమైతే తిప్పలు. అమ్మానాన్నల కోసం కొంటున్నవాళ్లు ఎక్కువమంది వీళ్లే కాబట్టి ఒక్క మాట అడుగుతున్నా, స్విమ్మింగ్ పూల్ చూసి కొనకండి, వాళ్లు ఒంటరిగా నడిచి వెళ్లగలిగే చోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి కొనండి.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్లకి

మాలాగే ఇరుక్కున్నవాళ్లు ఉంటారు, వాళ్లకీ దారి ఉంది. మా కమ్యూనిటీలో బస్‌స్టాప్ వైపు గోడలో చిన్న గేటు పెట్టాలని అసోసియేషన్‌కి రాసిచ్చాం. దొంగలొస్తారని ముందు అందరూ వద్దన్నారు. నాన్న ఊరుకోలేదు, పనివాళ్లు, డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, బస్సు ఎక్కే ఉద్యోగులు ఎంతమంది రోజూ చుట్టూ తిరిగి వస్తున్నారో మెయిన్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని వారం పాటు లెక్కరాశారు. ఆ కాగితాన్ని జనరల్ బాడీ మీటింగ్‌లో చదివారు. గేటుకి యాక్సెస్ కార్డు, ఒక కెమెరా, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది వరకే తెరవడం, ఈ మూడు షరతులతో ఓటింగ్‌లో నెగ్గింది. గోడ మనదే, అవతల రోడ్డు కార్పొరేషన్‌ది, మధ్యలో ప్రైవేటు స్థలం లేదు, అది ముందే చూసుకున్నాం. మీరూ అడిగేముందు ఆ సంగతి తేల్చుకోండి, లేకపోతే గేటు పెట్టాక పక్కవాళ్లతో గొడవ.

పని మూడు రోజుల్లో అయిపోయింది. ఇప్పుడు స్టాప్‌కి నాలుగు నిమిషాలు. నాన్న బుధ, శనివారాల్లో బస్సెక్కి రైతుబజారుకి వెళ్తున్నారు.